జాగ్రత్త: బిల్లులో సీమ్‌లెస్, లారీలో సీ క్లాస్

స్టీమ్ లైన్‌కో థర్మిక్ ఫ్లూయిడ్ (వేడిని మోసే నూనె) లైన్‌కో 100 ఎన్‌బీ (నాలుగంగుళాల సైజు) షెడ్యూల్ 40 (మందం తరగతి) సీమ్‌లెస్, అంటే అతుకు లేని పైపు కొంటున్నవాళ్లు సరుకు దించుకునే ముందు ఇది చదవండి. బిల్లులో ఏఎస్‌టీఎం ఏ106 గ్రేడ్ బీ (వేడి లైన్లకి వాడే సీమ్‌లెస్ పైపు స్టాండర్డ్) అని ఉంటుంది. పైపు మీద తెల్ల స్టెన్సిల్‌లోనూ అదే ఉంటుంది. లారీలోంచి దిగేది మాత్రం ఐఎస్ 1239 స్టాండర్డ్‌లోని సీ క్లాస్ (అందులో అన్నిటికన్నా మందమైన రకం) ఈఆర్‌డబ్ల్యూ పైపు, అంటే రేకుని చుట్టి కరెంటుతో అతికినది, పైన కొత్తగా కొట్టిన నల్ల రంగుతో. ముఖ్యంగా ఈ సైజులోనే ఎందుకంటే, ఇక్కడ కొలతలు మోసగాడికి బాగా కలిసొస్తాయి.

బయటి కొలత రెండింటికీ 114.3 మి.మీ. షెడ్యూల్ 40 మందం 6.02. అందులో 12.5 శాతం తరుగు చెల్లుతుంది కాబట్టి 5.27 దాకా రావచ్చు. సీ క్లాస్ మందం 5.4. వెర్నియర్ పెడితే 5.4 చూపిస్తుంది, సప్లయర్ ‘టాలరెన్స్‌లోనే ఉంది సార్’ అంటాడు, స్టోర్స్‌లో సంతకం పడిపోతుంది. ఆ మాటలో సగమే నిజం. 12.5 శాతం అనేది ఏదో ఒక చోట మందం తగ్గితే ఇచ్చే వెసులుబాటు. బరువు దగ్గర అదే స్టాండర్డ్ తక్కువ వైపు 3.5 శాతమే ఒప్పుకుంటుంది. షెడ్యూల్ 40కి మీటరు 16.07 కిలోలు, ఆరు మీటర్ల పైపు 96.4 కిలోలు. 93కి తగ్గకూడదు. సీ క్లాస్ మీటరు 14.5, అంటే పైపు 87 కిలోలు. వంద పైపుల లోడులో 940 కిలోల తేడా! థియరిటికల్ వెయిట్ (తూచకుండా లెక్కకట్టిన బరువు) మీద డబ్బు కడుతుంటే లేని ఇనుముకి కూడా సీమ్‌లెస్ రేటు కట్టినట్టే.

అందుకే మొదటి పరీక్ష కాటా. బండిల్ మొత్తం తూచండి, ప్రతి పైపు పొడవూ టేపుతో కొలవండి, మొత్తం కిలోల్ని మొత్తం మీటర్లతో భాగించండి. వేరే సైజైతే బయటి కొలతలోంచి మందం తీసేసి, దాన్ని మళ్లీ మందంతో, తర్వాత 0.02466తో గుణిస్తే మీటరు బరువు వస్తుంది.

తర్వాత మందం. ఒక్క చోట కాదు, కొస చుట్టూ ఎనిమిది చోట్ల. సీమ్‌లెస్‌ని కాల్చిన బిల్లెట్‌ని మధ్యలో తొలిచి చేస్తారు కాబట్టి ఒక పక్క 6.3, ఎదురు పక్క 5.8 రావడం మామూలే. ఈఆర్‌డబ్ల్యూ కాయిల్ నుంచి చుట్టినది, చుట్టూ 5.4, 5.4, 5.42 అని వస్తుంది. మరీ సమానంగా ఉంటే మెచ్చుకోకండి, అనుమానించండి.

కొసల దగ్గర గుడ్డకి థిన్నర్ అద్ది గట్టిగా రుద్దండి. నల్ల రంగు కింద ఎర్ర పట్టీ తేలితే ఇంక మాటల్లేవు, అది సీ క్లాస్ గుర్తు. నీలమైతే ఇంకా పలచని మీడియం క్లాస్. లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పితే పొడవునా అతుకు గీర ఒకటి తగులుతుంది. అయితే కొసలో నాలుగంగుళాలు గ్రైండర్‌తో నున్నగా చేసి పంపేవాళ్లున్నారు, కాబట్టి ఒక పైపుని మధ్యలో కోయించండి. కోసిన ముఖాన్ని ఎమరీతో బాగా నునుపు చేసి ల్యాబులో నైటాల్ (యాసిడ్ ద్రావణం) వేయిస్తే అతుకు బయటపడుతుంది: మధ్యలో సన్నగా, లోపలి బయటి అంచుల దగ్గర వెడల్పుగా, డమరుకంలా ఒక మచ్చ. అదే ముక్కకి స్పెక్ట్రో (లోహంలో ఏది ఎంతుందో చెప్పే పరీక్ష) చేయించండి. ఏ106లో సిలికాన్ కనీసం 0.10 శాతం ఉండాలి. సీ క్లాస్‌కి వాడే కాయిల్‌లో చాలాసార్లు అంత ఉండదు. చేతిలో పట్టుకునే ఎక్స్‌రే గన్‌తో సరిపెట్టుకోకండి, అది కార్బన్ చూపించదు.

‘హైడ్రో పాసయింది కదా’, అంటే నీళ్ల ప్రెషర్ పరీక్ష తట్టుకుంది కదా అనే వాదన వినకండి. 10 కిలోల ప్రెషర్ ఉండే స్టీమ్ లైన్‌కి చల్లని నీళ్లతో 15 కిలోలు పెడితే సీ క్లాస్ కూడా హాయిగా తట్టుకుంటుంది. మర్నాడే పగిలిపోతుందని భయపెట్టడం మా ఉద్దేశం కాదు. కానీ డిజైనర్ సీమ్‌లెస్ అని జాయింట్ ఫ్యాక్టర్ (అతుకు బలాన్ని లెక్కలోకి తెచ్చే అంకె) 1 వేసి ఉంటాడు. పైపింగ్ డిజైన్ కోడ్ ఏఎస్‌ఎంఈ బీ31.3లో ఈఆర్‌డబ్ల్యూకి అది 0.85. మందం పది శాతం తక్కువ. రెండూ కలిస్తే లెక్కలో ఉన్న బలంలో దాదాపు నాలుగో వంతు లేదు. పైగా ఏ106 గ్రేడ్ బీ టెన్సైల్ (తెగే ముందు తట్టుకునే లాగుడు) కనీసం 415 మెగాపాస్కల్స్ అయితే ఐఎస్ 1239 అడిగేది 320. అసలు తంటా బెండుల దగ్గర. అతుకు పైపుని వంచేటప్పుడు అతుకు పక్కకి, అంటే సాగనీ ముడుచుకోనీ చోటికి రావాలి. సీమ్‌లెస్ అనుకున్న ఫ్యాబ్రికేటర్ అది చూడడు. సాగే వైపు పడిన అతుకు విచ్చుకుంటుంది. కండెన్సేట్ (స్టీమ్ చల్లారి అయిన నీళ్లు) లైన్లలో అతుకు వెంబడే గాడిలా తుప్పు తినడం ఇంకో బాధ. థర్మిక్ ఫ్లూయిడ్‌లో అలాంటి కారుడు అంటే నిప్పే.

అన్నిసార్లూ తప్పు సప్లయర్‌దే కాదు. పీఓలో (పర్చేజ్ ఆర్డర్‌లో) ‘ఏ53 గ్రేడ్ బీ’ అని రాసి వదిలేస్తే అతను ఈఆర్‌డబ్ల్యూ ఇచ్చినా అడగలేం. ఏ53లో ఎఫ్, ఈ, ఎస్ అని మూడు రకాలున్నాయి, ఎస్ ఒక్కటే సీమ్‌లెస్. ‘సీమ్‌లెస్, ఏ106 గ్రేడ్ బీ, అసలు తూకం మీద బిల్లు, ఈఎన్ 10204 3.1 టీసీ’ అని విడమరచి రాయండి. టీసీ అంటే మిల్లు ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్. ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) కిందికొచ్చే లైనైతే ఫారం 3ఏ కూడా. టీసీలోని హీట్ నంబరు (ఉక్కు కరిగించిన విడత నంబరు) పైపు మీద ఉందో లేదో స్వయంగా చూసి, మిల్లుకే మెయిల్ పెట్టి సరిచూసుకోండి. టీసీ మీదున్న ఫోన్ నంబరుకి కాదు. ఒకే టీసీ జిరాక్సు ఎంతమంది కొన్నవాళ్ల ఫైళ్లలో ఉందో ఎవరికి తెలుసు?

ఫైర్ హైడ్రెంట్, కూలింగ్ వాటర్, షెడ్డు స్తంభాలు, వీటికి సీమ్‌లెస్ అడగడం డబ్బు దండగ. మంచి ఈఆర్‌డబ్ల్యూ చాలు.

ఇన్వాయిస్‌లో హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (పన్నుల కోసం సరుకు రకం చెప్పే నంబరు) కూడా చూడండి. 7304 అంటే సీమ్‌లెస్, 7306 అంటే ఈ సైజుల్లో వెల్డెడ్. వివరణలో సీమ్‌లెస్ అని పెట్టి కోడ్ 7306 వేసిన బిల్లు వస్తే లారీ తాడు విప్పనివ్వకండి. అప్పటికే దించేసి ఉంటే చలాన్ మీద ‘తనిఖీకి లోబడి’ అని రాసి సంతకం పెట్టండి, వేబ్రిడ్జి చీటీ దాచండి, కోసిన ముక్కని స్టెన్సిల్ కనిపించేలా ఫొటో తీసి పక్కన పెట్టండి. వెల్డింగ్ మొదలైతే సప్లయర్ సరుకు వెనక్కి తీసుకోడు.