కిడ్నీ రిపోర్టు చూశాకే మాత్ర రాశారు: తాగుడు, బైపోలార్ రెండింటికీ కలిపి జరిగిన వైద్యంపై నా అనుభవం

నాకు రెండు జబ్బులున్నాయి. ఒకటి తాగుడు, రెండోది బైపోలార్, అంటే కొన్నాళ్లు లేవలేనంత దిగులు, కొన్నాళ్లు అదుపు తప్పిన హుషారు వచ్చే మనసు జబ్బు. చాలాకాలం ఒక్కో చోట ఒక్కోదానికే వైద్యం జరిగింది, ఏదీ నిలవలేదు. రెండింటినీ కలిపి చూసి, నా ఒంటికి, నా పనికి, మా ఇంటి పరిస్థితికి తగ్గట్టు శ్రీకాకుళంలో వైద్యం మొదలుపెట్టి కొన్నేళ్లయింది. ఇప్పుడు పలాసలో జీడి ఫ్యాక్టరీలో లెక్కలు చూసుకుంటున్నాను. మా వైపు నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు, బయటికి చెప్పుకోరు. వాళ్లకీ, వాళ్ల ఇంట్లోవాళ్లకీ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం. కొబ్బరి, జీడి తోటలే ఆధారం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి మా తోటలో నిలబడి ఉన్న చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తాగుడు నాకు అంతకుముందే ఉంది, ఆ తర్వాత పొద్దున్నే మొదలయ్యేది. కొన్ని నెలలు మంచం దిగేవాణ్ణి కాదు. మళ్లీ ఉన్నట్టుండి నిద్ర అక్కర్లేనంత హుషారు వచ్చేది. ఫ్యాక్టరీ పెట్టేస్తానని అప్పులు చేయడం, అర్ధరాత్రి బంధువులందరికీ ఫోన్లు చేయడం. ఊళ్లో గాలి సోకిందన్నారు. ఇంట్లోవాళ్లు తాగుడే కారణమనుకున్నారు.

ముందు జరిగినవన్నీ చెప్పను, మూడు మాత్రం చెప్పాలి. ఒకటి, మాల వేయించారు. దీక్ష మీద నాకు గౌరవం ఉంది, ఇప్పటికీ ఉంది. కానీ రోజూ గట్టిగా తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణం మీదికి రావచ్చు. ఇది మాకెవరూ చెప్పలేదు. మాల వేయాలనుకుంటే ముందు డాక్టరుకు చూపించి, ఆపేటప్పుడు వాడే మాత్రలు, బీ1 విటమిన్ ఇంజెక్షన్లు తీసుకుని ఆ తర్వాత వేసుకోండి. స్వామికి అందులో అభ్యంతరం ఉండదు. రెండోది, ఒక డీ అడిక్షన్ సెంటర్. గదిలో పెట్టి తాళం వేశారు, అందరికీ ఒకే చార్టు, ఒకే మాత్రలు. నాకు ఫిట్స్ వచ్చింది అక్కడే. మూడోది, ఇంకో డాక్టరు దిగులును మాత్రమే చూసి డిప్రెషన్ మాత్ర రాశారు. బైపోలార్ ఉన్నవాళ్లకు ఆ మాత్ర ఒక్కటే ఇస్తే హుషారు అదుపు తప్పే ప్రమాదం ఉందట. నాకు అదే జరిగింది.

శ్రీకాకుళం డాక్టరమ్మ మొదటిరోజు గంట పైనే కూర్చోబెట్టారు. తాగకుండా ఉన్న రోజుల్లో కూడా ఈ దిగులు, ఈ హుషారు వచ్చాయా అని అడిగారు. అప్పటిదాకా నన్నెవరూ అడగని ప్రశ్న అది. నన్నే కాదు, అమ్మను విడిగా అడిగారు, అక్కకు ఫోన్ చేసి అడిగారు. మా నాన్న వైపు ఒక చిన్నాన్న ఇలాగే ఉండేవాడని అప్పుడే బయటపడింది. చివర్లో ఊరేదని అడిగారు. ఉద్దానం అనగానే రాస్తున్న పెన్ను ఆపి, "క్రియాటినిన్ ఎప్పుడు చేయించుకున్నారు?" అన్నారు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అది.

మా దగ్గర కిడ్నీ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలుసు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, పెద్దాసుపత్రి తెరిచారు కూడా. కానీ మనసు జబ్బుకూ దానికీ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. రిపోర్టు వచ్చాక ఆవిడ ఒక కాగితం మీద మందుల పేర్లు వరుసగా రాసి, ఒక్కోటీ ఎందుకు కొట్టేస్తున్నారో చెప్పారు. బైపోలార్‌కు బాగా పనిచేసే లిథియం కిడ్నీల మీదుగానే బయటికి పోతుంది, నా క్రియాటినిన్ అప్పటికే అంచు మీద ఉంది, కాబట్టి వద్దు. తాగాలనే యావ తగ్గించే అకాంప్రోసేట్‌దీ కిడ్నీ దారే, బాక్లోఫెన్‌దీ అంతే. డైసల్ఫిరామ్ వేసుకుని తాగితే వాంతులు, గుండెదడ వస్తాయి, ఆ భయంతో మానాలి. కానీ అది మనసు జబ్బును రేపే అవకాశం ఉంది, పైగా లివర్‌కు ముప్పు.

ఇక్కడ ఒక మాట. గోడల మీద "తెలియకుండా భోజనంలో కలిపి తాగుడు మాన్పించండి" అని ప్రకటనలు చూస్తుంటాం. ఆ పొడుల్లో ఏముంటుందో ఎవరికీ తెలియదు. మనిషికి చెప్పకుండా డైసల్ఫిరామ్ లాంటిది కలిపితే, అతను ఆ సాయంత్రం తాగితే ప్రాణం పోవచ్చు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

చివరికి మిగిలినవి రెండు. హుషారు, దిగులు రెండూ అదుపులో ఉండటానికి వాల్‌ప్రోయేట్, తాగితే వచ్చే కిక్కు తగ్గించే నాల్ట్రెక్సోన్. రెండింటికీ లివర్ బాగుండాలి. అందుకే వెంటనే మొదలుపెట్టలేదు. ముందు వార్డులో పెట్టి తాగుడు జాగ్రత్తగా ఆపించి, రాత్రిపూట వేరే మాత్రతో నెట్టుకొచ్చి, లివర్ రిపోర్టులో పెరిగిన అంకెలు దిగాకే ఇచ్చారు. "మీ అక్కకే ఈ జబ్బుండి, ఇంకా పిల్లలు కనే వయసైతే వాల్‌ప్రోయేట్ రాయను, కడుపులో బిడ్డకు ప్రమాదం" అని కూడా చెప్పారు. ఒకే ఇంట్లో, ఒకే జబ్బుకు మందు మారుతుందన్నమాట. నాకు నమ్మకం కుదిరింది ఆ రోజే.

మాత్రలతో సగమే అయింది. కౌన్సెలింగులో తాగడం ఎందుకు తప్పో చెప్పలేదు, అది నాకు తెలిసిందే. ఏ రోజు, ఏ గంటకు, ఎవరితో, చేతిలో ఎంత డబ్బున్నప్పుడు తాగుతానో రాయించారు. నా విషయంలో వేసవిలో జీడిపిక్కలు వచ్చే సీజనే గండం. చేతిలో డబ్బాడుతుంది, రాత్రి పని వల్ల నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే హుషారు, హుషారొస్తే తాగుడు. కాబట్టి సీజన్‌లో రాత్రి షిఫ్టు వద్దని యజమానికి చెప్పుకోవడం, జీతం అక్క ఖాతాలో పడేలా చూడటం, ఆ నెలల్లో చెకప్‌లు దగ్గర దగ్గరగా పెట్టుకోవడం నా వైద్యంలో భాగమయ్యాయి.

అమ్మకు పెద్దగా చదువు రాదు. డాక్టరమ్మ ఆవిడకు ఒక పని అప్పజెప్పారు. గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో, తిథి పక్కన, నేను బాగా నిద్రపోతే సున్నా, లేకపోతే ఇంటూ. పోయిన ఏడాది దసరా తర్వాత వరుసగా ఇంటూలు పడ్డాయి. నాకేమో ఒళ్లంతా తేలిగ్గా, బ్రహ్మాండంగా ఉంది. అమ్మ క్యాలెండర్ చుట్టి సంచిలో పెట్టుకుని నన్ను బస్సెక్కించింది. "ఈడికి నిద్ర నేదమ్మా, మాటలు జోరయ్యాయి" అంది. డోసు పెంచారు, వారంలో సర్దుకుంది. ఆ సంచిలో క్యాలెండర్ లేకపోతే మళ్లీ వార్డుకే వెళ్లేవాణ్ణి.

నడుమ తాగుడు ఒకసారి తిరగబెట్టింది కూడా. తిట్టలేదు, కేసు వదిలేయలేదు. షుగర్ పెరిగితే మందు సరిచూసినట్టే ఇదీ చూశారు. వారం వారం రమ్మన్నారు, నాల్ట్రెక్సోన్ అమ్మ చేతి మీదుగా వేసుకునేలా మార్చారు.

ఇంకో మంచి విషయం. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, నాకు మతి సరిగా లేనప్పుడు నా తరఫున ఎవరు మాట్లాడాలో నేనే తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వొచ్చు. అక్క పేరు రాశాను. మనసు జబ్బున్నవాళ్లను గొలుసులతో కట్టడం అదే చట్టం పూర్తిగా నిషేధించింది. సెంటర్లలో చేర్చేముందు ఇంట్లోవాళ్లు ఈ రెండూ తెలుసుకోవాలి.

ఇబ్బందులూ చెప్పాలి. వాల్‌ప్రోయేట్ వల్ల బరువు బాగా పెరిగాను, చేతులు కాస్త వణుకుతాయి, గ్లాసు నిండా నీళ్లు పోసుకోను. లివర్, ప్లేట్‌లెట్లు, కిడ్నీ పరీక్షలు చేయిస్తూనే ఉండాలి. నాల్ట్రెక్సోన్ ఖరీదు, నా మిగతా మందులన్నీ కలిపినా అంత కావు. పైగా అది వేసుకునేవాళ్లకు ట్రమడాల్, మార్ఫిన్ లాంటి నొప్పి మందులు పనిచేయవు, అందుకే ఆ సంగతి రాసిన కార్డు ఎప్పుడూ జేబులో ఉంటుంది. కౌన్సెలర్లు మారిపోతుంటారు, ప్రతిసారీ కథ మొదటినుంచి చెప్పాలంటే నీరసం వస్తుంది. అన్నిటికంటే దూరం. ఇచ్ఛాపురం, కవిటి నుంచి శ్రీకాకుళం వచ్చి పోవాలంటే ఒక రోజు కూలి పోయినట్టే. దేశంలో తాగుడుకు బానిసలైనవాళ్లలో 38 మందిలో ఒకరికే ఏదో ఒక వైద్యం అందుతోందని ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో తేల్చింది. మిగతా 37 మందిలో మా ఊరివాళ్లు కళ్ల ముందే తిరుగుతున్నారు. పలాస కిడ్నీ ఆసుపత్రిలో వారానికి ఒక్కరోజైనా సైకియాట్రిస్టు కూర్చుంటే డయాలసిస్ పేషెంట్లకూ, మాలాంటివాళ్లకూ ఎంతో మేలు. అధికారులకు ఇదే నా విన్నపం.

తాగుడుతో పాటు దిగులు, అనుమానాలు, అంతుపట్టని హుషారు ఉన్న ప్రతి మనిషినీ రెండింటికీ కలిపి చూసేచోటికే తీసుకెళ్లండి. తాగుడు ఒక్కటే ఉండి, ఈమధ్యే మొదలైనవాళ్లకు ఇంత తతంగం అక్కర్లేకపోవచ్చు. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, ఉచితం, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలనిపిస్తుంటే అస్సలు ఆగకండి, వెంటనే చేయండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత చీటీలన్నీ, ఖాళీ అయిన మాత్రల అట్టలతో సహా పట్టుకెళ్లండి. ఉద్దానం వాళ్లయితే క్రియాటినిన్ రిపోర్టు తప్పనిసరి. వాళ్లు అడగకపోయినా మీరే ముందు బల్ల మీద పెట్టండి.