సీలు విప్పితే వాపసు లేదన్న రైడర్ కిట్: కొనేముందు ఇది చదవండి

బండి మీద దూరాలు తిరిగేవాళ్ళందరికీ ఒక జాగ్రత్త. "రైడర్ సర్వైవల్ కిట్", "72 వస్తువులు, ఒకే బ్యాగు" అంటూ ఆన్‌లైన్‌లో నల్ల సంచిలో అమ్ముతున్న ఎమర్జెన్సీ కిట్ మీ కార్ట్‌లో ఉంటే కాస్త ఆగండి. నేను 2,499 రూపాయలు పెట్టి కొన్నాను. సిగ్నల్ లేని అడవిలో అది నాకూ మా తమ్ముడికీ ఎలా మొండిచెయ్యి చూపిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మొన్న డిసెంబరులో మేమిద్దరం నర్సీపట్నం నుంచి బయలుదేరాం. లంబసింగి, చింతపల్లి, గూడెం కొత్తవీధి మీదుగా సీలేరు, అక్కడి నుంచి డొంకరాయి, మోతుగూడెం దాటి చింతూరు చేరాలని ప్లాన్. ఆ దారి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. చింతపల్లి దాటాక మనుషులు తగ్గుతారు, అడవి చిక్కబడుతుంది, ఫోన్‌లో గీతలు మాయమవుతాయి. అందుకే చింతపల్లిలో ట్యాంకు నింపుకున్నాం, రెండు సీసాల నీళ్ళు పెట్టుకున్నాం. కిట్ ఉంది కదా అని మిగతా టెన్షన్ పెట్టుకోలేదు.

సీలేరు దాటి కొంత దూరం వెళ్ళాక నా బండి వెనక చక్రం ఊగడం మొదలైంది. దిగి చూస్తే మేకు. ట్యూబ్‌లెస్ టైరు కాబట్టి పెద్ద సమస్యేం కాదనుకున్నాను. పట్టుకారుతో మేకు లాగి, రంధ్రంలో గరుకు ఊచ తిప్పి, జిగురు రాసి రబ్బరు స్ట్రిప్ దూర్చి గాలి కొట్టుకుంటే పావుగంట పని. ఇంట్లో పాత టైరు మీద చాలాసార్లు చేసినవాణ్ణే.

కిట్ సీలు మొదటిసారి అక్కడే విప్పాను. ఊచకు ఉన్న పిడి ప్లాస్టిక్‌ది. పైకి లావుగా, గట్టిగానే కనిపిస్తుంది. వెనక టైరు మందంగా, గట్టిగా ఉంటుంది, ఊచ దిగాలంటే ఒంటి బరువంతా వేసి తిప్పాలి. రెండోసారి తిప్పేసరికి పిడి మధ్యకు ఫట్‌మని విరిగింది. నా బరువంతా ముందుకు పడి, టైరులో నిలబడి ఉన్న ఊచ వెనక కొస అరచేతిలో దిగింది. బొటనవేలి కింద కండ చీరుకుపోయి రక్తం ధారగా కారింది.

తమ్ముడు పరిగెత్తుకొచ్చి ఫస్ట్ ఎయిడ్ పౌచ్ తెరిచాడు. అందులో ఉన్నవి వేలెడంత ప్లాస్టర్లు. తడి చేతికి ఒక్కటీ అంటుకోలేదు. గాజు గుడ్డ అని రాసిన చుట్ట విప్పితే నాలుగు చుట్లకే అయిపోయింది. అయోడిన్ ఆయింట్‌మెంట్ ట్యూబ్ నొక్కితే పసుపు నీళ్ళు, గట్టి ముద్ద విడివిడిగా వచ్చాయి. చివరికి వాడి మెడలోని తువ్వాలే పనికొచ్చింది. దాన్ని మడతపెట్టి గాయం మీద అదిమి, చెయ్యి గుండె కన్నా పైకెత్తి, తియ్యకుండా పది నిమిషాలు పట్టుకుని కూర్చున్నాడు. ఆగిందా లేదా అని మధ్యమధ్యలో ఎత్తి చూడకూడదని వాడికి తెలియడం నా అదృష్టం. ఎత్తిన ప్రతిసారీ గడ్డకట్టబోయే రక్తం మళ్ళీ వదులవుతుంది.

అప్పటికి సాయంత్రం నాలుగున్నర దాటింది. డిసెంబరులో ఆ కొండల్లో ఐదున్నరకే చీకటి పడుతుంది. రెండు ఫోన్లలోనూ సిగ్నల్ లేదు, 108కి చేద్దామన్నా దారి లేదు. ఎంత భయపడ్డామో ఇప్పుడు రాస్తుంటే మళ్ళీ తెలుస్తోంది.

ముప్పావుగంటకు రాజ్‌మా బస్తాలతో ఒక బొలెరో వచ్చింది. డ్రైవరు దిగి "ఏటైంది బాబూ, టైరా?" అన్నాడు, నా చెయ్యి చూసి మాట మార్చి ముందు నీళ్ళు ఇచ్చాడు. తన కటింగ్ ప్లేయర్‌తో విరిగిన ఊచ పట్టుకుని తిప్పి రంధ్రం సాపు చేశాడు. కిట్‌లోని జిగురు ట్యూబ్ సీలు కూడా తియ్యలేదు, అయినా లోపల ఎండి రాయిలా ఉంది. రెండు స్ట్రిప్‌లు కలిపి పొడిగానే దూర్చాడు.

గాలి కొట్టాలి. కిట్‌లో కంప్రెసర్ ఉంది, దాని వైరు చివర కార్లలో సిగరెట్ లైటర్‌కు పెట్టే ప్లగ్! నా బండికి ఉన్నది ఫోన్ చార్జింగ్ యూఎస్‌బీ సాకెట్ ఒక్కటే. అసలు అది కారు కంప్రెసర్. అలాంటి మోటారు 10 ఆంపియర్ల దాకా కూడా లాగుతుంది, కాబట్టి బ్యాటరీకి నేరుగా కలిపే క్లిప్పులు, మధ్యలో ఫ్యూజు ఉండి తీరాలి. "బైక్ రైడర్ల కోసం ప్రత్యేకంగా" అని అమ్మిన పెట్టెలో ఆ క్లిప్పులు లేవు. బొలెరోలో ఉన్న కాలి పంపే మమ్మల్ని కదిలించింది. ఆయన కూడా చింతూరే వెళ్తున్నాడు. దారిలో రెండుసార్లు ఆగి గాలి కొట్టుకుంటూ, మా వెనకే లైట్లు వేసుకుని వచ్చాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆయన మేలు మరవలేను.

చింతూరు ప్రభుత్వ ఆస్పత్రిలో నాలుగు కుట్లు వేసి టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చారు. పౌచ్‌లో ఇంకేముందో చూద్దామని డాక్టరుగారు బల్ల మీద కుమ్మరించారు. సిరంజిలాంటి పసుపు పంపు ఒకటి చేతిలోకి తీసుకున్నారు. పాము కరిస్తే విషం లాగే పంపు అట. "ఇది మాత్రం ఎవరికీ వాడకండి" అన్నారు. పంపుతో విషం బయటికి రాదు, ఆ పేరుతో విలువైన సమయం పోతుంది, కండ దెబ్బతింటుంది. కోయడం, పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏదీ చెయ్యకూడదు. పాము కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్దకట్టి, ఉంగరాలు, కడియాలు తీసి, మనిషికి ధైర్యం చెప్పి, యాంటీ వెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) ఉన్న ఆస్పత్రికి చేర్చడమే పని. నాగుపాము, కట్లపాము, రక్తపింజర తిరిగే అడవిలో పంపును నమ్ముకుని గంట కూర్చున్నవాడి సంగతి తలుచుకోండి. నా గాయం కన్నా నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఆ పంపే. ఏ కిట్‌లో అది కనిపించినా, తయారుచేసినవాళ్ళు ఒక్క డాక్టరునీ అడగలేదని అర్థం చేసుకోండి.

ఇంటికొచ్చాక 72 వస్తువులూ లెక్కపెట్టాను. 20 చిన్న ప్లాస్టర్లు, 12 పిన్నీసులు, 10 ఇయర్‌బడ్స్, 10 స్పిరిట్ స్వాబ్‌లు. అంటే 52 అక్కడే అయిపోయాయి. చైను లింకు ఒకటి ఉంది, అది నా బండి చైను సైజు కాదు. చైన్లు 428, 520 ఇలా సైజుల్లో వస్తాయి, ఒకదాని లింకు మరొకదానికి పట్టదు. "అన్ని బైక్‌లకూ" అన్న మాట చూడగానే అనుమానించాల్సింది. ఆయింట్‌మెంట్ ట్యూబ్ మీద తేదీ దగ్గర తెల్ల స్టిక్కర్ ఉంది. గోటితో గీకితే కింద 2022లో గడువు తీరిన అచ్చు కనిపించింది. బ్యాగు మీద తయారీదారు పేరు లేదు, చిరునామా లేదు, ఏ దేశంలో చేశారో లేదు, ఫిర్యాదుకు నంబరు లేదు. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద తయారీదారు వివరాలు, ఫిర్యాదు నంబరు, దిగుమతి సరుకైతే దేశం పేరు కూడా అచ్చువేయాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ నిబంధనలు చెబుతున్నాయి. మందుల గడువు తేదీ సంగతి వేరే చెప్పాలా.

మరి ముందే ఎందుకు విప్పి చూడలేదని అడుగుతారు. అసలు ఉచ్చు అక్కడే ఉంది. సంచి మీద పెద్ద ఎర్ర అక్షరాలతో "సీలు విప్పితే వాపసు తీసుకోం" అని స్టిక్కర్. విప్పితే తేమ తగిలి మందులు పాడవుతాయని దాని పక్కనే చీటీ కూడా. నేను నమ్మాను. వాపసుకు ఉన్న ఏడు రోజులూ బీరువాలో గడిచిపోయాయి. కుక్కర్ పాడైతే మర్నాడే తెలుస్తుంది. ఎమర్జెన్సీ కిట్ పాడైందని మాత్రం ఎమర్జెన్సీలోనే తెలుస్తుంది. అమ్మేవాడికి ఇంతకంటే సుఖమైన సరుకు లేదు. ఐదు నక్షత్రాల రివ్యూలు మళ్ళీ చదివితే అన్నీ "ప్యాకింగ్ సూపర్", "డెలివరీ ఫాస్ట్" అనేవే. ఒక్కరూ దాంతో పంక్చర్ వేసినట్టు రాయలేదు. రివ్యూలు చూసేటప్పుడు ఈ ఒక్క తేడా పట్టుకోండి.

ఆ స్టిక్కర్‌కు చట్టం ముందు బలం లేదని తర్వాత తెలిసింది. వస్తువు లోపభూయిష్ఠమైనా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా వాపసు తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. సైటుకు గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) ఉండాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. నేను మొదట అమ్మకందారుకు ఫొటోలు పంపితే, నేను పెట్టిన రివ్యూ తీసేస్తే 500 రూపాయల కూపన్ ఇస్తామన్నారు. ఒప్పుకోలేదు. సైటు గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకున్నాను. తెలుగులోనే మాట్లాడొచ్చు. 19వ రోజున పూర్తి డబ్బు వచ్చింది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, రెండేళ్ళలోపు కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోళ్ళకు ఫీజు కూడా లేదు.

డబ్బు వచ్చాక కూడా ఇది రాయడానికి కారణం ఒకటుంది. నేను కొన్న కిట్ లిస్టింగ్ (సైటులో అమ్మకం పేజీ) తీసేశారు. వారం తిరక్కుండా అదే నల్ల సంచి, అవే ఫొటోలు, వేరే పేరుతో మళ్ళీ పైకొచ్చాయి. ఇప్పుడు ధర 1,999. సంక్రాంతి సెలవులకు మారేడుమిల్లి, అరకు వైపు ఎంతమంది కుర్రాళ్ళు బండ్లు తీస్తారో మనకు తెలుసు. వాళ్ళలో ఎవరి సీటు వెనకో ఆ సంచి కట్టి ఉంటుందేమోనని నాకు దిగులుగా ఉంది.

ఇప్పుడు నా సంచి నేనే సర్దుకున్నాను. కిట్ కన్నా ఎక్కువేం కాలేదు. పంక్చర్ సామాను మెకానిక్ షెడ్లకు సామాన్లు అమ్మే కొట్లో తీసుకున్నాను. ఊచ, స్ట్రిప్ దూర్చే సూది రెండింటికీ ‘T’ ఆకారపు ఇనుప పిడి, అక్కడే పాత టైరు ముక్క మీద తిప్పి చూసి మరీ కొన్నాను. జిగురు చిన్న ట్యూబులు రెండు, ఏటా మారుస్తాను. కాలి పంపు, గాలి కొలిచే గేజ్. స్పోక్ చక్రాలు, ట్యూబ్ టైర్లు ఉన్నవాళ్ళకు ఈ స్ట్రిప్‌లు అసలు పనికిరావు. వాళ్ళకు స్పేర్ ట్యూబు, ప్యాచ్‌లు, మూడు టైరు లివర్లు కావాలి, వాటితో ఇంటి ముందు ఒక్కసారైనా టైరు విప్పి ఎక్కించి చూసుకోవాలి. క్లచ్ కేబుల్ కొత్తది పాతదాని పక్కనే పొడవునా టేపు చుట్టి కట్టేశాను, తెగితే రెండు కొసలు మార్చుకుంటే చాలు. ఎం-సీల్ (పగుళ్ళు పూడ్చే, గట్టిపడే ముద్ద) ఒక ప్యాకెట్ తప్పకుండా పెట్టుకోండి, రాయి తగిలి ఇంజిన్ కింద పగిలి ఆయిల్ కారితే ఊరు చేరేదాకా అదే దిక్కు. ఫ్యూజులు, ప్లగ్ పానా, కట్టుతీగ, కటింగ్ ప్లేయర్ చిన్నచిన్నవే.

గాయాలకు కావలసినవి మందుల షాపులో తేదీలు చూసి విడివిడిగా కొన్నాను. స్టెరైల్ గాజు గుడ్డలు పెద్దవి, క్రేప్ బ్యాండేజీలు రెండు, చెయ్యి వేలాడదీయడానికి మూడు మూలల గుడ్డ, తడిలోనూ పట్టే టేపు, అయోడిన్, గ్లవ్స్, కత్తెర. ఓఆర్ఎస్ ప్యాకెట్లతో పాటు లీటరు సీసా కూడా, ఎందుకంటే పెద్ద ప్యాకెట్ కలపాల్సింది సరిగ్గా లీటరు నీళ్ళలోనే. తలకు కట్టుకునే లైటు, ఈల. బ్లడ్ గ్రూపు, ఇంటివాళ్ళ నంబర్లు రాసిన కాగితం ఫోన్‌లో కాదు, జాకెట్ జేబులో ప్లాస్టిక్ కవరులో. తువ్వాలు సరేసరి.

ఇప్పటికే ఆ సంచి కొన్నవాళ్ళు ఈ రాత్రే సీలు విప్పండి. విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. ఊచ పిడిని పాత టైరు మీద ఒంటి బరువు వేసి తిప్పండి, జిగురు ట్యూబ్ నొక్కండి, కంప్రెసర్ మీ బండికి తగిలించి చూడండి, ప్రతి ట్యూబ్ మీదా స్టిక్కర్ గీకండి. ఏది విరిగినా ముక్కలు పారేయకండి, బిల్లుతో పాటు దాచి 1915కి ఫోన్ చేయండి. వేరే పేరుతో మీకు కనిపించిన లిస్టింగ్ స్క్రీన్‌షాట్‌లు ఉంటే ఇక్కడ పెట్టండి, నా ఫిర్యాదు నంబరుకు అవి కూడా జతచేస్తాను.