దగ్గరున్నవారా, తెలిసినవారా? పెంపుడు జంతువుల సేవల యాప్‌లో ఏ బుకింగ్ పద్ధతి మేలు?

పెంపుడు కుక్కలు, పిల్లుల సంరక్షణకు యాప్ తయారు చేసేవారు రంగులు, బొమ్మలు, మెనూల గురించి ఆలోచించే ముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. యజమాని ‘బుక్’ నొక్కగానే దగ్గరలో ఖాళీగా ఉన్న వ్యక్తిని యాప్ తానే పంపాలా? లేక యజమాని కొందరి వివరాలు చూసి, ఒకరిని ఎంచుకుని, వారు ఒప్పుకున్నాకే బుకింగ్ ఖాయం కావాలా? అమెరికాలో ఈ రెండు దారులకూ ఉదాహరణలున్నాయి. సియాటిల్‌లో 2011లో మొదలైన రోవర్ మనిషిని ఎంచుకునే పద్ధతిని, బుకింగుకు ముందు పరిచయం చేసుకునే ఏర్పాటును నమ్ముకుంది. 2015లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన వ్యాగ్, కుక్కను నడిపించడానికి అప్పటికప్పుడు మనిషిని పంపడంతో పేరు తెచ్చుకుంది. హైదరాబాద్ వంటి నగరంలో ఇటువంటి యాప్ కట్టేవారికి ఏది మేలో సేవను బట్టి విడివిడిగా చూడాలి.

వెంటనే పంపే పద్ధతికి ఉన్న బలం తక్కువదేమీ కాదు. ఆటోను, క్యాబును ఫోన్లోనే పిలుచుకోవడానికి అలవాటుపడిన జనానికి దాన్ని కొత్తగా నేర్పనక్కరలేదు. స్నానం, జుట్టు కత్తిరించడం, గోళ్లు తీయడం వంటి పనులకు అది చక్కగా సరిపోతుంది. పని జరుగుతున్నంతసేపూ యజమాని పక్కనే ఉంటారు. గంట, గంటన్నరలో అయిపోతుంది. వచ్చేవారి పేరుకంటే వారి పనితనం, చెప్పిన వేళకు రావడం ముఖ్యం. ఇక్కడ ఇరవై మంది ఫోటోలు చూపించి ఎంచుకోమనడం యజమానికి శ్రమే తప్ప లాభం లేదు. ఖాళీ వేళలు, జంతువు పరిమాణాన్ని బట్టి ధర, చిక్కుపడిన జుట్టుకు అదనంగా ఎంతవుతుందో ముందే చెప్పడం, ఇంతే చాలు.

కుక్కను నడిపించే సేవ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. హైదరాబాద్‌లో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో తారు రోడ్డు గాలికంటే ఎంతో ఎక్కువగా కాలిపోతుంది, కుక్క అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. అందుకే అందరికీ తెల్లవారుజామునే, ఎండ ఎక్కకముందే వాకర్ కావాలి. అందరూ ఒకే వేళకు అడిగినప్పుడు దగ్గరున్నవారిని పంపే ఏర్పాటు దూరంగా ఉన్నవారిని పంపే ఏర్పాటుగా మారుతుంది. వారు వచ్చేసరికి పొద్దెక్కుతుంది. దీనికి రోజువారీ బుకింగ్ కాక నెలవారీ ఒప్పందం కావాలి. ఒకే అపార్ట్‌మెంట్‌లోని రెండు మూడు ఇళ్ల కుక్కలను ఒకే మనిషి వరుసగా నడిపించేలా యాప్ వేళలను కుదర్చగలిగితే వాకర్‌కు ప్రయాణం తగ్గుతుంది, యజమానికి ఆలస్యం తగ్గుతుంది.

అంతకంటే పెద్ద కారణం కుక్కే. యజమాని ఇంట్లో లేని వేళ ముక్కూమొహం తెలియని మనిషి తలుపు తీస్తే కొన్ని కుక్కలు మీదికి వస్తాయి, కొన్ని బెదిరి, మెడపట్టీ తప్పించుకుని, లిఫ్టు తలుపు తెరుచుకోగానే వీధిలోకి పరుగెడతాయి. ఆ ప్రమాదాన్ని తగ్గించేది వాసన, గొంతు తెలిసిన మనిషే. కాబట్టి ఈ సేవలో మనిషిని ఎంచుకునే పద్ధతే మేలని నిస్సంకోచంగా చెప్పగలను.

ఎంచుకునే పద్ధతి పనిచేయాలంటే జంతువు వివరాలు నింపే తెరను శ్రద్ధగా రాయాలి. ‘మీ కుక్క కరుస్తుందా?’ అని అడిగితే దాదాపు ప్రతి యజమానీ ‘లేదు’ అనే నొక్కుతారు, అబద్ధమాడాలని కాదు, తమను కరవలేదు గనుక. ‘తింటున్నప్పుడు కొత్తవారు గిన్నె దగ్గరికి వస్తే ఏం చేస్తుంది? పక్కకు జరుగుతుందా, బిగుసుకుపోతుందా, గుర్రుమంటుందా?’ అని అడిగితే వాకర్‌కు పనికొచ్చే జవాబు వస్తుంది. టపాసులకు ఎలా ఉంటుందో కూడా అడగాలి, దీపావళి వారంలో ఆ జవాబే సాయంత్రం నడకను మార్చేస్తుంది.

సంక్రాంతికి నగరం సగం ఊళ్లకు వెళ్లే రోజుల్లో అడిగే, జంతువును కొన్ని రోజులు వేరేచోట ఉంచి చూసుకునే బోర్డింగ్‌కు ఎంచుకునే పద్ధతే, అసలు రెండో ఆలోచనే అక్కరలేదు. చోటు చూడాలి, మనిషిని చూడాలి, టీకా కార్డు ఫోటో ఎక్కించనిదే బుకింగ్ ఖాయం కాకూడదు. కుక్కకూనల ప్రాణం తీయగల పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతకగలదు. టీకా పూర్తికాని కూనను పది కుక్కలున్న చోట దింపడం దాని ప్రాణంతో ఆడుకోవడమే. పిల్లులకైతే చోటు మారడమే పెద్ద బెంగ, అందుచేత వాటికి బోర్డింగ్ కన్నా ఇంటికే వచ్చి తిండి పెట్టి, మట్టి పెట్టె శుభ్రం చేసే సేవను ముందు చూపించాలి.

వైద్యం ఈ రెండు బుకింగ్ పద్ధతుల్లో దేనికీ పూర్తిగా లొంగదు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేయవలసింది నమోదైన పశువైద్యులే. స్నానం చేయించి జుట్టు కత్తిరించే గ్రూమర్ చేత ఇంజెక్షన్ వేయించే అవకాశం యాప్‌లో ఏ మూలా ఉండకూడదు. పొట్ట ఉబ్బి, వాంతికి ప్రయత్నించినా ఏమీ రాక తిరుగుతున్న పెద్దజాతి కుక్కకు గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. అప్పుడు యజమానికి స్లాట్లు కాదు, తెరిచి ఉన్న ఆసుపత్రి ఫోన్ నంబరు ఒక్క నొక్కుతో దొరకాలి.

ఎంచుకునే పద్ధతికి రెండు లోపాలున్నాయి. జవాబు కోసం యజమాని ఎదురుచూడాలి. దానికి గడువు పెట్టి, గడువులోగా ఒప్పుకోకపోతే అడిగిన బుకింగ్ తదుపరి వ్యక్తికి వెళ్లేలా చేయవచ్చు. 2018లో వచ్చిన యూపీఐ 2.0 నాటి నుంచి సొమ్మును ఖాతాలోనే నిలిపి ఉంచే వీలుంది గనుక, ఒప్పుకోకముందే డబ్బు తీసుకుని తర్వాత తిప్పి ఇచ్చే తంటా అవసరం లేదు. రెండోది మరింత గట్టి చిక్కు. పరిచయమయ్యాక యజమాని, వాకర్ యాప్‌ను వదిలేసి నేరుగా మాట్లాడుకుంటారు. నంబర్లు దాచినంత మాత్రాన అది ఆగదు. యాప్‌లో ఉంటేనే దొరికే మేలు ఒకటి ఉండాలి. అందుకే మొదటి పరిచయానికి ఒకరిని కాక ఇద్దరిని పంపేలా రూపొందించాలంటాను. అసలు వాకర్‌కు జ్వరం వచ్చిన రోజున, కుక్కకు ముందే తెలిసిన రెండో మనిషి అదే వేళకు తలుపు దగ్గర ఉండటం అనేది, ఇద్దరు మనుషుల మధ్య ఫోన్ మాటలతో కుదిరే పని కాదు.