కంప్యూటర్ వరల్డ్, ఓకే కంప్యూటర్: ఏది మేలు?

మనిషి మీద యంత్రాల పెత్తనం గురించిన ఆల్బమ్ ఏదైనా చెప్పమంటే చాలామంది ఇంగ్లండ్ రాక్ బృందం రేడియోహెడ్ 1997లో విడుదల చేసిన ‘ఓకే కంప్యూటర్’ పేరే చెబుతారు. జర్మనీ బృందం క్రాఫ్ట్‌వెర్క్ 1981లో తెచ్చిన ‘కంప్యూటర్ వరల్డ్’ ఈ విషయంలో అంతకన్నా మేలైనదని నా అభిప్రాయం. 1976 నాటి కెనడా రాక్ బృందం రష్ ఆల్బమ్ ‘2112’లో పూజారులు కంప్యూటర్లతో లోకాన్ని ఏలే కథ ఉంది గానీ, అది మరీ సుదూర భవిష్యత్తుది కనుక ఈ పోలికలో దానికి చోటివ్వడం లేదు.

‘ఓకే కంప్యూటర్’ను కాన్సెప్ట్ ఆల్బమ్‌గా, అంటే పాటలన్నీ ఒకే ఇతివృత్తం చుట్టూ అల్లినదిగా, తాము తలపెట్టలేదని రేడియోహెడ్ సభ్యులే చెప్పారు. అయినా కారు ప్రమాదం నుంచి బతికి బయటపడిన మనిషితో మొదలయ్యే ఆ పాటల్లో వేగానికీ ఒంటరితనానికీ నలిగిపోయిన మనసు స్పష్టంగా వినిపిస్తుంది. ‘ఫిట్టర్ హ్యాపియర్’లో మంచి జీవితానికి కావలసిన నియమాలను మకింతోష్ కంప్యూటర్ గొంతు ఉద్వేగం లేకుండా చదువుతూ పోతుంటే, ఆ నియమాలన్నీ మనం ఇష్టపడి పెట్టుకున్నవేనని గుర్తొచ్చి గుండె బరువెక్కుతుంది. గాయాన్ని ఇంత లోతుగా చూపిన ఆల్బమ్ మరొకటి నాకు తెలియదు. ఆ గాయం చేసిన చేయి ఎవరిదో మాత్రం అందులో తేలదు.

క్రాఫ్ట్‌వెర్క్ ఆ చేతిని పేరు పెట్టి చూపింది. 1970లలో ఉగ్రవాదుల కోసం పశ్చిమ జర్మనీ పోలీసులు సామాన్య ప్రజల వివరాలను సైతం కంప్యూటర్లలో జల్లెడ పట్టారు. ఆ అనుభవం ఇంకా పచ్చిగా ఉన్న దేశంలో, ఇంటర్‌పోల్, డాయిష్ బ్యాంక్, ఎఫ్‌బీఐ, స్కాట్లండ్ యార్డ్ అంటూ పోలీసు, బ్యాంకు సంస్థల పేర్లను వరుసగా పలికే పాటతో ఆల్బమ్ మొదలవుతుంది. ఆ వెంటనే వచ్చే ‘పాకెట్ కాలిక్యులేటర్’ మాత్రం మీట నొక్కితే రాగం పలికే చిన్న యంత్రాన్ని చూసి పసిపిల్లల్లా మురిసిపోతుంది. నిఘా పక్కనే ఈ మురిపెం ఉండటమే ఆల్బమ్‌కు ప్రాణం, ఎందుకంటే మన వివరాలు భయపెట్టి లాక్కునేవారి కన్నా ముచ్చటైన వస్తువును చేతిలో పెట్టి రాబట్టేవారే ఎక్కువ. మొత్తం నిడివి దాదాపు 35 నిమిషాలే. వీలుంటే ఆ ఆల్బమ్‌ను జర్మన్ భాషలో పాడిన రూపంలో వినండి: అందులో వాహనచోదకుల తప్పుల చిట్టా ఉండే ఫ్లెన్స్‌బుర్గ్ పేరూ, కేంద్ర నేర పరిశోధన సంస్థ పేరూ చేర్చి, మన వివరాలు వారి దగ్గరే ఉన్నాయని నేరుగా పాడతారు.