ఎస్టీ లాడర్ డబుల్ వేర్: సద్దుల బతుకమ్మ నాడు పెట్టుకొని చూసిన

ఒక్క ఫౌండేషన్ (మొఖానికి పూసుకునే మేకప్ రంగు) సీసాకు నాలుగు వేలకు పైన పెట్టుడు నాకు ఇదే మొదటిసారి, రెండు నెలలు ఆలోచించి ఆలోచించి కొన్న. ఎందుకు కొన్ననో ముందు చెప్త.

నా పెండ్లికి మేకప్ చేసినామె నా రంగుకన్న మూడు షేడ్లు తెల్లది పూసింది. మొఖం ఒక రంగు, మెడ ఒక రంగు, చేతులు ఇంకో రంగు. ఫ్లాష్ పడ్డ ఫొటోలల్లయితే బూడిద పూసినట్టే ఉంటది, ఇప్పటికీ ఆల్బం తీయాలంటే మనసొప్పది. ఆ తర్వాత హన్మకొండల ఏ షాపుకు పోయినా "ఇదైతే ఫెయిర్ కనవడ్తరు మేడం" అనుకుంట తెల్ల షేడే చేతిల పెట్టేటోళ్లు. నాకు ఫెయిర్ వద్దన్నా, నా రంగే కావాలె అంటే నేనేదో తప్పు మాట అన్నట్టు చూసేటోళ్లు. చామనఛాయ ఆడోళ్లు వరంగల్ల ఎంత మంది లేరు చెప్పుండ్రి, మా షేడ్ ఎందుకు దొరకదు?

అందుకే ఈసారి హైదరాబాద్ పోయి ఎస్టీ లాడర్ కౌంటర్ల కూసొని చూసుకున్న. డబుల్ వేర్ 1997 నుంచి ఉన్నది, గాజు సీసా, 30 ఎంఎల్. షేడ్ కోడ్ ఒక్కసారి అర్థమైతే మస్తు సులువు. మొదటి అంకె రంగు ఎంత ముదురో చెప్తది, నడిమి అక్షరం అండర్‌టోన్, అంటే చర్మం లోపలి ఛాయ: డబ్ల్యూ అంటే పసుపు వైపు, సీ అంటే గులాబి వైపు, ఎన్ అంటే రెంటికీ నడుమ. నాకు 4డబ్ల్యూ1, 5డబ్ల్యూ1, ఇంకా ఒక ఎన్ షేడ్, మూడు గీతలు దవడ మీద పెట్టిచ్చుకున్న. చేతి మీద చూడొద్దు, చెయ్యి రంగు వేరే ఉంటది. షాపు లైట్ల కింద మూడూ బాగనే అనిపిచ్చినయ్, అట్లనే బయటికి నడిచి ఎండల నిలవడి ఫోన్ కెమెరా తెరిచిన. రెండు గీతలు కనవడ్తున్నయ్, మూడోది ఏడున్నదో నాకే దొరకలే. తడిమి చూస్తె వేలికి తగిలింది కని కంటికి ఆనలే. అదే 5డబ్ల్యూ1 బ్రాంజ్. నిజంగ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్, నా రంగుకు ఒక పేరు పెట్టి, సీసాల పోసి పెట్టిండ్రని. అయినా ఎంటనే కొనలే, అరగంట ఆగిన, ఎందుకంటే లిక్విడ్ ఫౌండేషన్ ఆరినంక, మొఖం మీది జిడ్డుతోని కలిసినంక జర ముదురైతది. ఆగి చూసినంకనే బిల్లు చేయిచ్చిన.

అసలు పరీక్ష సద్దుల బతుకమ్మ నాడు. మధ్యాహ్నం రెండింటికి పెట్టుకున్న. ముందు మాయిశ్చరైజర్, అది ఇంకినంక సన్‌స్క్రీన్ (దీంట్ల ఎస్‌పీఎఫ్, అంటే ఎండ నుంచి కాపాడే కొలత, 10 మాత్రమే, అది మన ఎండకు ఆగది, కాబట్టి సన్‌స్క్రీన్ వేరే కావాలె), ఆ తర్వాత ఒక్కో చెంపకు శెనగ గింజంత. ఇది తొందరగ ఆరుతది, మొఖమంతా చుక్కలు పెట్టుకొని కూసుంటే కలవది, ఒక పక్క అయినంకనే ఇంకో పక్కకు పోవాలె. తడి స్పాంజి మంచిగ పిండి అద్దిన, రుద్దలే. కండ్ల కింది నలుపు, పాత మొటిమల మచ్చలు ఒక్క పొరకే పోయినయ్.

నాలుగున్నరకు బతుకమ్మ నెత్తిన పెట్టుకొని పద్మాక్షి గుట్టకు బయలెల్లినం. ఆ మంది, ఆ ఉక్క, పట్టుచీర, రెండు గంటలు వంగి లేసి చప్పట్లు కొట్టుకుంట ఆడుడు, నుదురు మీంచి చెమట ధారలు కట్టింది. కర్చీఫ్‌తోని తుడవకుంట అద్దుకున్న, బట్టకు రంగు అంటిందా అని చూస్తె కొంచెమంతనే. చీకటి పడ్డంక గౌరమ్మ పసుపు ఒకరి మొఖానికి ఒకరం పెట్టుకుంటం కదా, మా వదినె నా రెండు చెంపలకు నిండ పసుపు రాసింది. ఇంటికొచ్చి ముందు ఆ చెంపల దగ్గరే చూసుకున్న. తడి గుడ్డతోని పసుపు వచ్చింది, కింద ఫౌండేషన్ ఎక్కడిదక్కడ్నే ఉన్నది. సీసా మీద 24 గంటలని రాసుంటది, నేను చూసింది ఎనిమిది గంటలు, నాకు చాలు.

తీసుడు మాత్రం ఉత్త ఫేస్‌వాష్‌తోని కాదు. కొబ్బరి నూనె రాసి మెల్లగ రుద్ది, దూదితోని తీసి, తర్వాత ఫేస్‌వాష్ పెట్టాలె.

ఇది మ్యాట్, మెరుపు ఉండది. జిడ్డు మొఖాలకు మంచిగ పనిజేస్తది. పొడి చర్మమోళ్లు మాయిశ్చరైజర్ లేకుంట పెట్టుకోవద్దు, పొట్టు పొట్టు కనవడ్తది, చలికాలం ఇంకా ఎక్కువ. రోజూ ఆఫీసుకైతే ఇంత బరువుది అవసరం లేదు, నేను పెండ్లిళ్లకు, పండుగలకే తీస్త, అట్లయితే ఒక్క సీసా చాన రోజులొస్తది. ఆన్‌లైన్ల డిస్కౌంట్ చూసి అందాజగ షేడ్ కొనకుండ్రి, చార్జీలు పెట్టుకొనైనా పోయి ఎండల చూసుకొనే కొనుండ్రి.

ఆ రాత్రి ఫొటోలు చూసుకుంట మా వదినె ఫోన్ పెద్దగ చేసి నా మొఖం, మెడ దగ్గర ఆగింది. "రెండూ ఒక్కతీరే ఉన్నయి గదనే" అన్నది. ఆమె నాకన్న ఇంకా నలుపు, ఇన్నేండ్లు పౌడర్ తప్ప ఏం పెట్టుకోలే. వచ్చే ఆదివారం పొద్దుగాల కాజీపేటల రైలెక్కుతున్నం ఇద్దరం, ఆమె దవడ మీద గీతలు పెట్టిచ్చుడుకు.