సైక్లిస్టును గుద్ది ఆగకుండా పోయేవాడికి ఏ చట్టం మేలు?

సైకిల్ మీద పోతున్న మనిషిని గుద్ది ఆగకుండా పోయిన కేసు ఏదైనా వార్తల్లోకి వచ్చిందంటే చాలు, అదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది: ఇలాంటివాళ్లకి ఏ దేశంలో గట్టి చట్టం ఉంది, ఏది మేలు? అడిగేవాళ్లలో చాలామంది శిక్ష ఎన్నేళ్లో చూసి తేల్చేద్దామనుకుంటారు. ఏళ్ల లెక్క ముఖ్యమే, కానీ నేను ముందు చూసేది అది కాదు. తాగి గుద్దినవాడు అక్కడే ఆగితే ఎంత శిక్ష పడుతుంది, పారిపోయి మత్తు దిగాక వచ్చి లొంగిపోతే ఎంత పడుతుంది? ఈ రెండో శిక్ష మొదటిదానికంటే తక్కువైతే, ఆ చట్టం పారిపొమ్మని చెప్తున్నట్టే.

సైక్లిస్టుల విషయంలో ఇది మరీ ఎందుకు ముఖ్యమంటే, కారూ కారూ గుద్దుకుంటే పారిపోదామన్నా బండి కదలకపోవచ్చు. సైకిల్‌ని గుద్దితే కారుకి పోయేది ఒక సైడ్ మిర్రర్, ఒక హెడ్‌లైటు, మహా అయితే ముందు అద్దం పగులుతుంది. ఇంజనుకి ఏమీ కాదు. రోడ్డు మీద మిగిలేది నాలుగు ప్లాస్టిక్ ముక్కలు, కొంచెం పెయింటు. వెనక చక్రం వంగిపోయిన సైకిలూ, దాని మీది మనిషీ ఎక్కడో పక్కన పొదల్లోనో కాలవలోనో పడి ఉంటారు. రాత్రిపూట, వేరే బండ్లు లేని చోట, అక్కడొక మనిషి పడి ఉన్నాడన్న సంగతి తెలిసినవాడు ఆ డ్రైవర్ ఒక్కడే. అతను ఫోన్ చెయ్యకపోతే తెల్లారి ఎవరో చూసేదాకా అంబులెన్సు రాదు. కాబట్టి చట్టం చెయ్యాల్సిన మొదటి పని ఆ డ్రైవర్ కాలు బ్రేకు మీదకి వెళ్లేలా చెయ్యడం. శిక్ష సంగతి ఆ తరవాత.

బ్రిటన్‌తో మొదలుపెడదాం. అక్కడ ఆగకపోవడం 1988 రోడ్ ట్రాఫిక్ చట్టం 170వ సెక్షన్ కింద నేరం. గరిష్ఠ శిక్ష 6 నెలల జైలు, జరిమానా, లైసెన్సు మీద 5 నుంచి 10 పెనాల్టీ పాయింట్లు. మనిషి చచ్చిపోయినా ఆ సెక్షన్ కింద అంతే. అది అడిగేదేమిటో కూడా చూడండి: ఆగాలి, పేరూ అడ్రసూ బండి నంబరూ ఇవ్వాలి, ఇవ్వలేకపోతే పోలీసులకి చెప్పాలి. గాయపడ్డవాడికి సాయం చెయ్యమని అందులో లేదు. 24 గంటల్లోగా చెప్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, అది తప్పు. వీలైనంత త్వరగా చెప్పాలి, 24 గంటలు అనేది చివరి గడువు మాత్రమే. కానీ ఆ అంకె చట్టంలో కనబడేసరికి జనం దాన్ని వెసులుబాటుగానే చదువుకుంటారు.

ఇప్పుడు లెక్క చూడండి. తాగి అజాగ్రత్తగా నడిపి చంపితే బ్రిటన్‌లో 2022 నుంచి గరిష్ఠ శిక్ష యావజ్జీవం. తాగినట్టు రుజువు కాకపోతే, ఉత్త అజాగ్రత్త కింద చంపినందుకు 5 ఏళ్లు. దానికి ఆగనందుకు ఆ 6 నెలలు కలపండి. ఒంట్లో మద్యం గంట గంటకీ దిగిపోతూ ఉంటుంది, సాయంత్రం బాగా తాగినవాడి రక్తంలో కూడా మర్నాటి మధ్యాహ్నానికి ఏమీ దొరక్కపోవచ్చు. అంటే ఒక్క రాత్రి దాక్కుంటే యావజ్జీవం కాస్తా ఐదున్నర ఏళ్లకి దిగిపోవచ్చు. నిజమే, పారిపోవడాన్ని జడ్జి శిక్ష పెంచే కారణంగా చూస్తాడు, కారు దాచేసినా సాక్ష్యం చెరిపేసినా న్యాయప్రక్రియని అడ్డుకున్న నేరం వేరే పెట్టొచ్చు, అది పెద్ద నేరమే. ప్రమాదకరంగా నడిపాడని వేరే సాక్ష్యంతో రుజువు చెయ్యగలిగితే యావజ్జీవం దాకా మళ్లీ వెళ్లొచ్చు. ఇవన్నీ కలిసొస్తే సరే, కలిసిరాకపోతే? ప్రాసిక్యూటర్ అదృష్టం మీద ఆధారపడే చట్టాన్ని నేను మేలైనదని అనలేను.

అమెరికాలో ఫ్లోరిడా ఇదే గుంటలో పడి, బయటికి వచ్చింది. 2012లో మయామిలో ఏరన్ కోహెన్ అనే సైక్లిస్టును ఒక కారు గుద్ది వెళ్లిపోయింది, ఆయన చనిపోయాడు. డ్రైవర్ గంటల తరవాత లొంగిపోయాడు, చివరికి పడిన జైలు శిక్ష ఏడాది లోపే. అప్పటికి అక్కడ తాగి నడిపి చంపినవాడికి కనీసం 4 ఏళ్లు అని చట్టంలో ఉంది, ఉత్తగా పారిపోయినవాడికి అలాంటి కనీస శిక్ష లేదు. లాభం ఎటువైపు ఉందో అందరికీ అర్థమైంది. 2014లో ఆయన పేరుతోనే చట్టం తెచ్చి, చావుకి కారణమై పారిపోతే కూడా కనీసం 4 ఏళ్లు చేశారు. గరిష్ఠంగా 30 ఏళ్లు. ఆగినవాడు తాగి ఉన్నా గరిష్ఠం 15. దెబ్బ తగిలింది సైక్లిస్టులూ పాదచారుల్లాంటి రక్షణ లేనివాళ్లకైతే నేర తీవ్రతని ఒక మెట్టు పైకి జరిపారు కూడా.

దీంట్లో నాకు నచ్చేది సింప్లిసిటీ. తాగాడా లేదా అని రుజువు చెయ్యాల్సిన పనే లేదు. గుద్దినట్టు తెలిసీ వెళ్లిపోయాడా, అయితే 4 ఏళ్లు. దాక్కుని మత్తు దించుకున్నా ఒరిగేదేమీ ఉండదు. నాకు ఇబ్బందిగా ఉండేది కూడా అదే సింప్లిసిటీ. తాగి పారిపోయినవాడూ, భయంతో వణికిపోయి రెండు కిలోమీటర్లు పోయి అక్కణ్నుంచి అంబులెన్సుకి ఫోన్ చేసి వెనక్కి వచ్చిన పంతొమ్మిదేళ్ల పిల్లాడూ ఒకే సెక్షన్ కిందకి రావొచ్చు. న్యాయం కాదనిపిస్తే కనీస శిక్ష తగ్గించే అధికారం జడ్జికి ఉంచారు, తాగినవాళ్లకి మాత్రం ఆ వెసులుబాటు లేదు. అది మంచి పనే, కానీ వెనక్కి తిరిగి వచ్చినందుకు ఏం తగ్గుతుందో ముందే తెలియకపోతే, పారిపోతున్నవాడు వెనక్కి ఎందుకు తిరుగుతాడు?

జపాన్ వాళ్లు దీన్ని ఇంకోలా పట్టుకున్నారు. నా ఓటు అటే, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

మొదటి సంగతి, అక్కడి చట్టం ప్రమాదం జరిగిన వెంటనే డ్రైవర్‌ని అడిగేది పేరూ అడ్రసూ కాదు. బండి ఆపు, గాయపడ్డవాణ్ని కాపాడు, రోడ్డు మీద ఇంకో ప్రమాదం జరక్కుండా చూడు, పోలీసులకి చెప్పు. నీ డ్రైవింగ్ వల్లే దెబ్బ తగిలితే, కాపాడకుండా పోయినందుకు 10 ఏళ్ల దాకా. 2007కి ముందు ఇది 5 ఏళ్లే ఉండేది. పెంచడానికి ఒక కారణం 2006లో ఫుకువోకాలో జరిగిన ఘోరం: తాగి నడుపుతున్నవాడు వెనకనుంచి గుద్దడంతో ముందు కారు వంతెన మీంచి సముద్రంలో పడి ముగ్గురు పిల్లలు చనిపోయారు. గుద్దినవాడు అక్కణ్నుంచి వెళ్లిపోయి, స్నేహితుడి చేత నీళ్లు తెప్పించుకుని తాగాడు, పరీక్షలో మద్యం తక్కువ కనబడాలని. కింది కోర్టు మామూలు నిర్లక్ష్యం కింద ఏడున్నర ఏళ్లు వేసింది. పై కోర్టు దాన్ని ప్రమాదకర డ్రైవింగ్‌గా తీసుకుని 20 ఏళ్లు చేసింది, 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అదే మనిషి, అదే రాత్రి, తాగిన మోతాదు గురించి ఏం రుజువైందన్నదాని మీద పన్నెండున్నర ఏళ్ల తేడా.

ఆ తేడా కోసమే జనం పారిపోతున్నారని గుర్తించి, 2014లో అమల్లోకి వచ్చిన చట్టంలో ఒక కొత్త నేరం పెట్టారు. డ్రైవింగ్‌కి ఇబ్బంది కలిగించేంతగా తాగి నడిపి, నిర్లక్ష్యంగా గుద్ది, ఆ తాగుడు బయటపడకుండా ఉండటానికి ఏమైనా చేస్తే, ఆ పనే నేరం, 12 ఏళ్ల దాకా. మత్తు దిగేదాకా అక్కణ్నుంచి వెళ్లిపోవడం అందులోకి వస్తుంది. ఇంకో పాత ట్రిక్కు కూడా వస్తుంది: ఇంటికి పోయి గబగబా రెండు పెగ్గులు వేసుకుని, పోలీసులు వచ్చాక "టెన్షన్‌తో ఇప్పుడే తాగాను సార్, నడిపేటప్పుడు తాగలేదు" అనడం. మళ్లీ తాగడం అనే మాట చట్టంలోనే రాసి పెట్టారు. కాపాడకుండా పోయిన నేరం కూడా కలిస్తే మొత్తం 18 ఏళ్ల దాకా వెళ్తుంది.

బలహీనత లేదని కాదు. ఫ్లోరిడాలో అక్కర్లేని రుజువు ఇక్కడ కావాలి: అతను నడిపేటప్పుడు తాగే ఉన్నాడని. బార్ బిల్లు, సీసీ కెమెరా, పక్కన కూర్చుని తాగినవాడి వాంగ్మూలం లాంటివి పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే మళ్లీ మామూలు నిర్లక్ష్యం, ఆపైన కాపాడని నేరం మాత్రమే మిగులుతాయి. అయినా ఆ రెండూ కలిపి 15 ఏళ్ల దాకా వెళ్లొచ్చు, బ్రిటన్ ఐదున్నరతో పోలిస్తే అదేం చిన్నది కాదు. భయపడి పోయినవాడికీ, లాభం చూసుకుని పోయినవాడికీ తేడా చూపించగలిగిన చట్టం ఈ మూడింటిలో ఇదొక్కటే. గట్టి శిక్ష కావాలనేవాళ్లు కనీస శిక్ష లేదని పెదవి విరుస్తారు, నాకు మాత్రం ఆ లోటు పెద్దది అనిపించదు.

భారత్ సంగతి అడగకుండా ఎవరూ ఉండరు. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో రెండు భాగాలున్నాయి. నిర్లక్ష్యంతో చావుకి కారణమైతే 5 ఏళ్ల దాకా. బండి నడిపి చంపి, పోలీసుకో మెజిస్ట్రేటుకో వెంటనే చెప్పకుండా పారిపోతే 10 ఏళ్ల దాకా. పాత ఐపీసీలో రెండింటికీ కలిపి 2 ఏళ్లే. 2024 జనవరిలో ట్రక్కు డ్రైవర్లు సమ్మె చేశారు, ఆ జూలైలో సంహిత అమల్లోకి వచ్చినా ఈ రెండో భాగాన్ని మాత్రం పక్కన పెట్టారు. డ్రైవర్ల భయం ఒట్టిది కాదు, ఆగితే జనం కొడతారు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షనే మూక ఆవేశాన్ని మినహాయింపుగా ఒప్పుకుంటుంది. కానీ ఆ రెండో భాగాన్ని జాగ్రత్తగా చదివితే అక్కడే నిలబడి తన్నులు తినమని ఎక్కడా లేదు, వెంటనే పోలీసులకి చెప్పమనే ఉంది. ఆగడాన్నీ చెప్పడాన్నీ విడదీసిన ఈ ఆలోచన నాకు నచ్చింది. చావు ఒక్కటే లెక్కలోకి తీసుకుని, నడుం విరిగి మంచాన పడ్డ సైక్లిస్టును వదిలెయ్యడం మాత్రం పెద్ద లోపం.

కెనడా, జర్మనీ గురించి క్లుప్తంగా. కెనడాలో ఆగకపోతే 10 ఏళ్ల దాకా, దెబ్బ తగిలితే 14, చనిపోతే యావజ్జీవం దాకా. నడిపిన రెండు గంటల్లోపు ఒంట్లో మద్యం హద్దు దాటి ఉంటే చాలు నేరమే అని కూడా రాశారు, దాంతో తరవాత తాగానన్న సాకు చాలావరకు మూతపడింది. జర్మనీలో ఆగి కొంతసేపు ఎదురుచూడాలి, లేకపోతే 3 ఏళ్ల దాకా లేదా జరిమానా. 24 గంటల్లో వచ్చి చెప్తే తగ్గింపు ఉందని అందరూ చెప్తుంటారు కదా, అది పార్కింగ్ లాంటి చోట్ల చిన్నపాటి ఆస్తి నష్టానికే, మనిషికి దెబ్బ తగిలితే వర్తించదు.

ఏ చట్టం తీసుకున్నా సైక్లిస్టుల కేసుల్లో తప్పకుండా ఎదురయ్యే మాట ఒకటుంది: "కుక్క అడ్డొచ్చిందనుకున్నాను." రాత్రిపూట, చిన్న శబ్దం, ఎవరూ కనబడలేదు. కొన్నిసార్లు నిజం కూడా కావొచ్చు. ఫ్లోరిడా సుప్రీంకోర్టు 2015లో, ప్రమాదం జరిగిందని డ్రైవర్‌కి నిజంగా తెలిసి ఉండాలని, తెలిసి ఉండాల్సింది అంటే చాలదని తీర్పు ఇచ్చింది. జపాన్‌లో మనిషిని గుద్ది ఉండొచ్చన్న అనుమానం ఉండీ ఆగకపోతే చాలు. ముందు అద్దం మనిషి తల ఎత్తులో పగిలి ఉంటే కుక్క అని ఎలా అనుకుంటారు? ఇలాంటి వాటిని అడగగలిగే చట్టమే నయం.

లైసెన్సు రద్దు చాలా చోట్ల కలిపే వేస్తారు, దాని గురించి వేరే చెప్పేదేమీ లేదు. నెదర్లాండ్స్‌లో సైక్లిస్టుకి దెబ్బ తగిలితే కారువాడిదే నష్టపరిహార బాధ్యత అనే సివిల్ నియమం గొప్పదే, కాకపోతే కారు ఎవరిదో తెలిస్తేనే అది పనికొస్తుంది. ఎవరిదో తెలియకపోతే ప్రభుత్వ పరిహారం మీద పడాలి. భారత్‌లో 2022 ఏప్రిల్ నుంచి అది చావుకి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. నడవలేని స్థితిలో మిగిలిన మనిషికి 50 వేలు ఏ మూలకి సరిపోతాయో దాన్ని రాసినవాళ్లే చెప్పాలి.