బేగంబజార్ బేకరీ సామాన్ల షాపు: సరుకు బాగుంది, పేర్ల దగ్గరే పేచీ

ఇంట్లో ఐస్‌క్రీమ్ చేసే పిచ్చి ఉన్నవాళ్లకి ఈ షాపు పనికొస్తుంది. కిరాణా కొట్లో దొరకని చక్కెరలన్నీ అరకిలో కవర్లలో కూడా ఇస్తారు. పొడి గడ్డ కట్టలేదు, ప్యాకింగ్ తేదీ స్పష్టంగా ఉంది. పార్కింగ్ సంగతి అడగొద్దు.

గొడవల్లా ఒక్కటే. గ్లూకోజ్ ఒక అరలో, డెక్స్ట్రోజ్ ఇంకో అరలో పెట్టారు. రెండు కవర్ల మీదా మోనోహైడ్రేట్ (అణువుకో నీటి అణువు అంటుకున్న రూపం) అనే ఉంది, అయినా డెక్స్ట్రోజ్‌కి కిలో మీద 40 రూపాయలు ఎక్కువ. "రెండూ ఒకటే కదా బాబూ" అంటే, "అది వేరే క్వాలిటీ మేడమ్" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పేదాన్ని, నాకా!

గ్లూకోజ్ పేరు 1838లో ఫ్రాన్స్‌లో పుట్టింది. అప్పుడే పిండిన తియ్యటి ద్రాక్షరసానికి గ్రీకులో ఉన్న మాట దాని మూలం. చివరి 'ఓజ్' తోకని తర్వాత మిగతా చక్కెరలకీ తగిలించారు. అదే గ్లూకోజ్ ధ్రువిత కాంతిని, అంటే ఒకే తలంలో కంపించే వెలుగుని, కుడివైపు తిప్పుతుందని 1866లో జర్మన్ కెమిస్టు కెకూలే డెక్స్ట్రోజ్ అన్నాడు. లాటిన్‌లో డెక్స్టర్ అంటే కుడి. మన 'దక్షిణ'కి దగ్గర చుట్టమే. అంటే ఆ 40 రూపాయలు కుడిచేతి వాటానికన్నమాట.

ఫ్రక్టోజ్ కవరు మీద ఆపిల్ బొమ్మ ఇంకో తమాషా. పేరు లాటిన్ 'పండు' నుంచి వచ్చిన మాట నిజమే, 1857లో మిల్లర్ అనే ఇంగ్లీషు కెమిస్టు పెట్టాడు. కానీ బజార్లో దొరికే ఫ్రక్టోజ్ ఎక్కువగా మొక్కజొన్న పిండి నుంచి తీసిందే. ఇది కాంతిని ఎడమకి తిప్పుతుంది కాబట్టి పాత పుస్తకాల్లో లెవ్యులోజ్ (లాటిన్‌లో 'ఎడమ' నుంచి) అని ఉంటుంది. అయినా దాన్ని డి-ఫ్రక్టోజ్ అనే రాస్తాం. ఆ 'డి' అణువు అమరికకి గుర్తు, కుడి ఎడమలకి కాదు. ఏటా క్లాసులో సగం మంది ఇక్కడే బోల్తా పడతారు.

వాడకానికొస్తే, పంచదారలో కొంత తీసి గ్లూకోజ్ వేశాను. పంచదార అణుభారం 342, గ్లూకోజ్‌ది 180. అంతే బరువుకి అణువులు ఎక్కువ పడతాయి, కరిగిన అణువులు ఎక్కువైతే నీళ్లు గడ్డకట్టడానికి ఇంకా చల్లదనం కావాలి కాబట్టి ఐస్‌క్రీమ్ రాయిలా గడ్డకట్టలేదు, ఫ్రీజర్లోంచి తీయగానే స్కూపు దిగింది. తీపి కూడా కాస్త తగ్గింది, మా ఇంట్లో అదే నచ్చింది.

లాక్టోజ్ మాత్రం కొనకండి. పాలలో ఉన్నదే చాలు, ఎక్కువైతే నాలుకకి ఇసకలా తగులుతుంది. గ్లూకోజ్ అరలోదే తీసుకోండి. 5కి 3.5.